గన్నవరం అక్విడెక్టు, కర్నూలు కంపెనీ కాలువ

పి.గన్నవరంలో వైనతేయ గోదావరి మీద రెండు అక్విడెక్టులు కనిపిస్తాయి. పాతది 1850ల తొలినాళ్లలో హేగ్ అనే ఇంజనీరు కట్టించింది. నలభై అడుగుల వెడల్పు కమానులు 49 వరుసగా నిలబెట్టి, వాటి మీదుగా కాలువను నది దాటించారు. కొత్తదానికి ఆ ప్రాంతంలో అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇప్పుడు నీళ్లు దాని మీదుగానే అవతలి ఒడ్డుకు వెళుతున్నాయి.

అవతల ఉన్నది ఒకప్పటి నగరం దీవి, ఇప్పటి రాజోలు ప్రాంతం. చుట్టూ గోదావరి పాయలే అయినా సముద్రం పోటెత్తితే వాటిలోకి ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. కళ్లెదుట నదిని పెట్టుకుని నీళ్లకు అల్లాడిన సీమ అది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని ఫలం ఆ దీవికీ దక్కాలంటే నది మీద వంతెన కట్టి కాలువను పారించాల్సిందే. ఆ ఖర్చు సర్కారు ఖజానా పెట్టుకుంది, శిస్తు రూపంలో రాబట్టుకుంది. అది ధర్మకార్యమేమీ కాదు. అయినా లెక్క మొత్తం డెల్టా మీద వేశారు కనుక మారుమూల దీవికీ వాటా వచ్చింది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే తెలుగునేల మీద రెండో పద్ధతికీ, అంటే పనిని కంపెనీకి వదిలేయడానికీ, పరీక్ష జరిగింది. 1858లో లండన్ పెట్టుబడిదారులు మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పెట్టారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వి, నీళ్లు అమ్మి లాభం తీయాలన్నది వాళ్ల ఆలోచన. ధవళేశ్వరం కట్టిన ఆర్థర్ కాటనే దీన్ని గట్టిగా సమర్థించాడు. పది లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. నీళ్లు అమ్ముడుపోయినా పోకపోయినా వాటాదారుకు వడ్డీ ఖాయం. లోటు పడితే జనం కట్టిన పన్నులే పూడ్చాలి.

నీళ్లు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. అక్కడివి నల్లరేగడి నేలలు. వానతోనే జొన్న, పత్తి పండించుకునే రైతు మామూలు ఏళ్లలో డబ్బు కట్టి కాలువ నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. 1876-78 నాటి ధాత కరువులో మాత్రం ఆ కాలువ విలువ తెలిసొచ్చింది. వ్యాపారంగా కంపెనీ నిలదొక్కుకోలేదు. చివరికి 1882లో ప్రభుత్వం సుమారు మూడు కోట్ల రూపాయలిచ్చి దాన్ని కొనేసింది. అదే నేటి కె.సి. (కర్నూలు-కడప) కాలువ. లాభం వస్తే కంపెనీది, నష్టం వస్తే ఖజానాది అన్నట్టు రాసుకున్న ఒప్పందం అలా ముగిసింది.

ఇందులో ప్రైవేటువాళ్లకు పని చేతకాదన్న తీర్పు వెతకనక్కర్లేదు. సర్కారు కాలువల్లోనూ పూడిక పేరుకుంటుంది, శివారు ఆయకట్టుకు నీళ్లందవు. ప్రైవేటుకిస్తే పోటీ వల్ల మేలు జరుగుతుందంటారు. అసలు చిక్కు ఆ పోటీ అన్న మాటతోనే ఉంది. పారే కాలువ పక్కన పోటీగా ఇంకో కాలువ ఎవరూ తవ్వరు. ఒక వీధికి రెండు కంపెనీల పైపులు పడవు. పోటీ అంతా టెండరు రోజునే, ఆ తర్వాత గుత్తాధిపత్యమే. ఈ చిక్కుకు అందరూ ఒకే దారి పట్టలేదు: ఇంగ్లండ్ 1989లో నీటి సంస్థలను అమ్మేస్తే, పారిస్ నగరం 2010లో తన నీటి సరఫరాను కంపెనీల నుంచి వెనక్కి తీసుకుంది.

గన్నవరం ఉన్న కోనసీమలో నిజమైన పోటీ నడుస్తున్నది వాటర్ టిన్నుల దగ్గర. వేసవిలో కాలువలు కట్టేసేలోపు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, మళ్లీ కాలువలు వదిలేదాకా దానితోనే గడపాలి. చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లు. చెరువు నీటి మీద నమ్మకం సడలిన ఇళ్లకు ఇరవై లీటర్ల టిన్ను ఆటోలో గుమ్మం ముందుకొస్తోంది. 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి కింద అదే ఇరవై లీటర్లను రెండు రూపాయలకు ఇస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది. కాని టిన్ను తాగడానికి సరిపోతుందేమో! స్నానానికి, గిన్నెలకు, మరుగుదొడ్డికి కావాల్సిన నీళ్లు ఆటోలో రావు. అవి పంచాయతీ కుళాయిలోనే రావాలి. కొనలేని ఇంటికి తాగునీళ్లూ అక్కడే.

రేపు ఏ ఊరి నీటి పథకాన్నయినా కంపెనీకి అప్పగించాలనుకుంటే, ఆ ఒప్పందాన్ని సంతకానికి ముందే తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపించాలి. లోటు వస్తే ఎవరు భరిస్తారు, చివరి వీధికి నీళ్లు రాకపోతే జరిమానా ఎంత, ధర పెంచే అధికారం ఎవరిది అన్న మూడు సంగతులూ అందులో ఉన్నాయో లేదో ఊరు చూసుకోవాలి. లేకపోతే సంతకం పెట్టనివ్వకూడదు.