సామాజిక మాధ్యమాల సమాచార విశ్లేషణ: నంద్యాల, ఆళ్లగడ్డ

ఫేస్‌బుక్, ఎక్స్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో జనం రాసేదీ చూసేదీ పంచుకునేదీ పోగుచేసి, అందులోంచి ప్రజాభిప్రాయాన్ని అంచనా కట్టే పద్ధతి. నంద్యాల, ఆళ్లగడ్డలలో దీని చరిత్ర చాలావరకు ఎన్నికల చరిత్రే.

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావు 5.80 లక్షల ఆధిక్యంతో గెలిచారు. అప్పట్లో జనం నాడి చెప్పేది విలేకరులు, ఊళ్లు తిరిగే కార్యకర్తలు. తరువాతి రెండు దశాబ్దాలూ దాదాపు అలాగే సాగాయి.

మలుపు 2017 నాటి నంద్యాల అసెంబ్లీ ఉప ఎన్నిక. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ చౌకైంది, వీడియోలు పల్లెల దాకా చేరాయి. 2017 మార్చి 12న నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి మరణించడంతో ఈ ఉప ఎన్నిక వచ్చింది. జూలైలో వైఎస్సార్ కాంగ్రెస్ ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్‌ను తమ ప్లీనరీలో పరిచయం చేసింది. ఆగస్టు 23న పోలింగ్ దాదాపు 79 శాతం నమోదైంది. 28న లెక్కింపులో తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డికి 97,076 ఓట్లు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శిల్పా మోహన్‌రెడ్డికి 69,610 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 27,466.

ఈ ఎన్నిక విశ్లేషకులకు మంచి పాఠం. ప్రచారంలో ముందున్న అప్పటి మంత్రి అఖిలప్రియ ఆళ్లగడ్డ ఎమ్మెల్యే, నాగిరెడ్డి కుమార్తె. కాబట్టి ‘భూమా’ పేరుతో పోస్టులు లెక్కిస్తే ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి వాళ్ల మాటలూ కలిసిపోతాయి. వాళ్లకు నంద్యాలలో ఓటు లేదు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న నంద్యాలవాళ్లు రాసే వ్యాఖ్యలూ అంతే. ఓటు ఉన్న గోస్పాడు మండలపు రైతు వీడియో చూస్తాడు గానీ, వ్యాఖ్య రాయకపోవచ్చు. పైగా మన జనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక తీరుగా రాస్తారు. వాటిని యంత్రంతో చదివించడం సులువు కాదు.

ఇతర దేశాల్లోనూ ఇదే అనుభవం. 2009 జర్మనీ ఎన్నికల్లో ట్వీట్ల వాటా ఓట్ల వాటాకు దగ్గరగా ఉందని 2010లో ఒక పరిశోధన చెప్పింది. ఆ లెక్కలో పైరేట్ పార్టీని చేరిస్తే ట్వీట్లలో దానిదే మొదటి స్థానమని 2012లో మరో బృందం నిరూపించింది. ఆ పార్టీకి వచ్చిన ఓట్లు 2 శాతమే.

మళ్లీ ఇక్కడికి వస్తే, 2019 ఎన్నికల్లో నంద్యాల, ఆళ్లగడ్డ స్థానాలు రెండూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి.

2024 మే 11న, పోలింగుకు రెండు రోజుల ముందు, నటుడు అల్లు అర్జున్ తన మిత్రుడు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శిల్పా రవిచంద్ర కిశోర్‌రెడ్డికి మద్దతుగా నంద్యాల వచ్చారు. గుమికూడిన జనం వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి, అభిమానుల వాదోపవాదాలతో ఆ పర్యటన మారుమోగింది. ఎన్నికలో గెలిచింది మాత్రం తెలుగుదేశం అభ్యర్థి ఎన్.ఎం.డి. ఫరూఖ్. ఆళ్లగడ్డలో అఖిలప్రియ మళ్లీ గెలిచారు.

ఏ విషయం మీద మాట లేచింది, ఏ రోజున ఎంత వేగంగా పాకింది అన్నవి ఈ సమాచారం చాలావరకు చెబుతుంది. ఓటు చెప్పాలంటే దాన్ని పోలింగ్ కేంద్రాలవారీ ఫలితాలిచ్చే ఎన్నికల సంఘం ఫారం-20తో కలిపి చదవాలి.