రెండు కార్డులు, రెండు తెరలు

నాట్లు వేసే మడిని ఇద్దరు చెరి సగం పట్టితే పని సగం కాలంలో ముగుస్తుంది. ఒకే ఉత్తరాన్ని ఇద్దరు కలసి వ్రాయవలసి వస్తే మాత్రం ఒకరు వ్రాసినది ముగిసేదాకా రెండవవారు ఆగవలసినదే. కంప్యూటరు ఆటలలో ఒకటికి మించిన గ్రాఫిక్స్ కార్డులను వాడిన చరిత్ర ఈ భేదాన్ని చక్కగా తెలియజేస్తున్నది.

ఆటలోని దృశ్యాన్ని లెక్కకట్టి, లక్షలాది చుక్కలుగా మానిటరుకు పంపే పరికరమే గ్రాఫిక్స్ కార్డు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా సంస్థ 'వూడూ 2' కార్డును విడుదల చేసినది. ఇటువంటివి రెండింటిని కలిపితే, చిత్రంలోని సరి పంక్తులను ఒకటి, బేసి పంక్తులను మరొకటి గీసేవి. ఒంటరి కార్డు 800 × 600 చుక్కల చిత్రాన్ని గీయగా, జంట 1024 × 768 వరకు గీయగలిగినది. ఈ పద్ధతికి ఎస్ఎల్ఐ అని పేరు. మామూలు పనులకు వేరొక కార్డు కూడా ఉండాలి కనుక పెట్టెలో మొత్తం మూడు కార్డులు చేరేవి.

తరువాత వచ్చిన ఏజీపీ అమరికలో సాధారణంగా ఒకే కార్డుకు చోటుండేది. అందుచేత జంట కార్డుల పద్ధతి వెనుకబడినది. త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను కొనడానికి 2000లో ఒప్పందం చేసుకొన్న ఎన్విడియా సంస్థ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అమరిక వచ్చిన పిదప 2004లో ఎస్ఎల్ఐ పేరును తిరిగి వెలుగులోకి తెచ్చినది. 2005లో ఏటీఐ సంస్థ 'క్రాస్‌ఫైర్'తో పోటీకి నిలిచినది.

ఈసారి ఎక్కువగా వాడినది వంతుల పద్ధతి. మొదటి చిత్రం ఒక కార్డుది, రెండవది మరొకదానిది. చిక్కులు ఇక్కడనే పుట్టినవి. రెండు కార్డులూ ఒకే సమాచారాన్ని తమ తమ జ్ఞాపకంలో ఉంచుకోవాలి కనుక జ్ఞాపకశక్తి రెట్టింపు కాలేదు. సెకనుకు 60 చిత్రాలు వచ్చినా, ఒక చిత్రం 8 మిల్లీసెకన్లకు, తరువాతిది 25 మిల్లీసెకన్లకు వస్తే కంటికి కుదుపుగానే తోస్తుంది. అదీగాక, కొత్త ఆటలు ముందు చిత్రపు ఫలితాన్ని తరువాతి చిత్రానికి వాడుకోసాగినవి. అప్పుడు ఒక కార్డు మరొకదానికై వేచి ఉండక తప్పలేదు. కొన్నవారు రెట్టింపు ధర చెల్లించినా వేగం రెట్టింపు కాలేదు.

రెండు మానిటర్లు పెట్టుకొన్నవారి కష్టం మరొక రకమైనది. విండోస్ 98లో వేర్వేరు కార్డులు వేర్వేరు తెరలను నడపగలిగేవి. 1999లో మేట్రాక్స్ జీ400 ఒక్క కార్డుతోనే రెండు తెరలను నడిపినది. కాని 2004 నాటి ఎస్ఎల్ఐలో కార్డులను జత చేస్తే ఒక్క మానిటరే పనిచేసేది! రెండవ తెర కావాలంటే జతను విడదీయవలసి వచ్చేది. 2008లో వచ్చిన 180 శ్రేణి డ్రైవరు ప్రోగ్రాముతో ఈ ఇబ్బంది తొలగినది. మరుసటి సంవత్సరమే ఏఎండీ సంస్థ 'ఐఫినిటీ' ద్వారా ఒకే కార్డుతో మూడు తెరలపై ఆట చూపినది.

2015లో డైరెక్ట్ఎక్స్ 12 కార్డుల మధ్య పని పంచే బాధ్యతను ఆట తయారుచేసేవారికే అప్పగించగా, ఆ శ్రమకు పూనుకొన్నవారు కొద్దిమందే. 2021 జనవరి 1 నుండి పాత కార్డులకు కొత్త ఎస్ఎల్ఐ సూచనలను చేర్చడం ఎన్విడియా మానివేసినది.

కృత్రిమ మేధ శిక్షణలో మాత్రం నేడు వేల కార్డులు కలసి పనిచేస్తున్నవి. అక్కడ క్షణక్షణం తెరవంక చూచే కన్ను లేదు; మొత్తం పని ఎప్పటికి ముగిసినదన్నదే లెక్క. ఆటలో ప్రతి చిత్రమూ తన వేళకు రావాలి. కనుక రెండు మానిటర్లతో ఆడదలచినవారు రెండు సాధారణ కార్డులకు బదులు ఒక్క మేలైన కార్డు కొనడమే లాభకరం.