నాణెములయందు శునకము

తెలుగుదేశము నేలిన రాజులు తమ నాణెములపై నిలుపదగిన జంతువులను మిక్కిలి యోచించి యెన్నుకొనిరి. శాతవాహనుల నాణెములపై గజము, సింహము, అశ్వము, వృషభము కనబడును. రెండు తెరచాపకొయ్యలతో సముద్రమున సాగిపోవు నౌకయు కనబడును. విజయనగర ప్రభువులలో అచ్యుతదేవరాయలు ఏనుగులను ముక్కులతోను గోళ్లతోను పట్టియెత్తుకొనిపోవు గండభేరుండమును బంగారముపై ముద్రింపించెను. చాళుక్యుల లాంఛనమైన వరాహమన్ననో, సువర్ణమున కెక్కి, తరువాతివారి నాణెములకు సైతము తన పేరిచ్చి, కొన్ని శతాబ్దములపాటు మన అంగళ్లలోను, శిస్తులెక్కలలోను వరహాగా చెలామణి యయ్యెను. ఈ వరుసలో శునకమును వెదకవలెనను తలంపే మనకు కలుగదు. కుక్కను కనకపుగద్దెపై కూర్చుండబెట్టినను దాని బుద్ధి మారదను సుమతీశతక బోధను బాల్యముననే వల్లించిన జాతితో, ఆ ప్రాణిని నాణెముపై నిలుపుడని చెప్పిన నవ్వుదురేమో.

నవ్వినను సరియే, ప్రాణములకు తెగించి మానవునికై పనిచేసిన శునకముల పేర మన ప్రభుత్వము నాణెముల శ్రేణి నొకదానిని వెలువరింపవలెనని ప్రతిపాదించుటయే నా యుద్దేశము. అయితే అంతకుముందు ఇతరదేశములవారు శునకమును నాణెముపై కెక్కించినప్పుడు వారు నిజముగా గౌరవించిన దెవ్వరినో పరిశీలించుట యావశ్యకము.

క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దమున సిసిలీ ద్వీపములోని సెగెస్టా నగరమువారు ముద్రించిన వెండి నాణెములపై వేటకుక్క యొకటి ఠీవిగా నిలిచియుండును. సన్నని నడుము, నిక్కిన చెవులు, నేలను వాసనచూచుటకై యొకప్పుడు వంచిన మెడ. ఆ శిల్పి వేటకుక్కల నెరిగినవాడే. అయినను అది కుక్క కాదు. ట్రాయినగరపు కన్యను వరించి, ఆ పట్టణమునకు మూలపురుషుడగు కుమారుని కన్న క్రిమిసోస్ అను నదీదేవత ధరించిన రూపమది. పిమ్మట క్రీస్తుపూర్వము 82లో రోమునందు గాయస్ మామిలియస్ లిమెటానస్ అను టంకశాలాధికారి వెలువరించిన వెండి నాణెముపై, ఇరువదియేండ్ల కెడబాటు దీరి బిచ్చగాని వేషమున ఇల్లుచేరిన యులిసీసు చేతికఱ్ఱ నూని వచ్చుచుండగా, అతనిని గుర్తుపట్టిన ముసలికుక్క ఆర్గోసు మోరయెత్తి చూచుచుండును. అంచున రంపపుపండ్లవలె గంట్లుగల ఆ చిన్న బిళ్లపై హోమరుకవి కథయంతయు ఇమిడియున్నది. కాని మామిలియసు దానిని ముద్రించుటకు కారణము కుక్కపై కనికరము కాదు. తమ వంశము యులిసీసు కుమారుడైన టెలిగోనసు నుండి దిగివచ్చినదని చాటుకొనుట అతని ప్రయోజనము. తాతను గుర్తుపట్టుట కొక సాక్షి కావలసివచ్చెను, ఆర్గోసు దొరికెను.

ఇరువదవ శతాబ్దమున ఈ సంప్రదాయమును పునరుద్ధరించినవారు ఐర్లండువారు. స్వతంత్రరాజ్యముగా నేర్పడిన పిమ్మట తమ నాణెములపై ఏ బొమ్మలుండవలెనో నిర్ణయించుటకు వారొక సంఘమును నియమించి, కవి యేట్సును దాని కధ్యక్షుని గావించిరి. ఆ సంఘము ప్రాచీన గ్రీకు నాణెముల ఛాయాచిత్రములను శిల్పులకు పంపి, వారు సమర్పించిన నమూనాలలో పెర్సీ మెట్కాఫ్ అను ఆంగ్లశిల్పి చేసినవానిని వరించెను. 1928లో వెలువడిన ఆ శ్రేణియందు గుఱ్ఱము, చేప, ఎద్దు, కుందేలు, పిల్లలతో కోడి, పిల్లలతో పంది, పొదలపక్షి వీనితోపాటు ఆరుపెన్సుల బిళ్లపై ఐరిష్ తోడేలువేటకుక్క నిలిచెను. దైవచిహ్నములు లేని యీ జంతుశాల యేమిటని మతాభిమానులు కొందరు గొణిగిరి. నా మట్టునకు ఇంతటి అందమైన చిల్లరడబ్బు ఆ శతాబ్దమున మరియొక దేశమున పుట్టలేదనియే తోచును. అయితే ఆ కుక్కయు ఒక జాతికి ప్రతినిధియే. అది ఫలానా కుక్క యని పిలుచుటకు పేరు లేదు. 1994లో కెనడావారు వెలువరించిన వెండి డాలరు పనిచేయు కుక్కల కెంతో చేరువగా వచ్చెను. 1969లో తమ రక్షకభటులు కుక్కబండ్లతో చేసిన కడపటి గస్తీకి అది స్మారకము. అక్కడను స్మరింపబడినది గస్తీయే, బండి లాగినవారిలో ఒక్కరి పేరును లేదు.

పేరును గూర్చి నేను ఇంతగా పట్టుబట్టుటకు కారణమును అలాస్కా కథ చెప్పును. 1925 జనవరిలో మంచుతో దిగ్బంధితమైన నోమ్ పట్టణమున పిల్లలకు కంఠసర్పి సోకెను. వైద్యుడు వెల్చి వద్దనున్న మందు పాతబడిపోయినది, ఓడలు రావు, ఆ చలిలో విమానమును నమ్ముటకు లేదు. రైలుమార్గము నెనానా వరకే కలదు. అక్కడినుండి 674 మైళ్లు. ఇరువదిమంది బండివాండ్రు, ఇంచుమించు నూటయేబది కుక్కలు చేతినుండి చేతికి మందును మార్చుకొనుచు, అయిదున్నర దినములలో దానిని గమ్యము చేర్చిరి. కడపటి యేబది మైళ్లకు పైగా గుడ్డిమంచులో బండిని నడిపించిన బాల్టో పేరు లోకమంతట మారుమ్రోగెను. ఆ సంవత్సరము ముగియకముందే న్యూయార్కు సెంట్రల్ పార్కులో దానికి కంచువిగ్రహము వెలసెను. కాని అందరికంటె సుదీర్ఘమును అపాయకరమునైన భాగమును, నార్టన్ సౌండ్ అను సముద్రశాఖపై గడ్డకట్టి పగులుచున్న మంచుమీదుగా దాటించినది పండ్రెండేండ్ల ముసలి టోగో. దాని యజమాని సెప్పలాకు ఆ యన్యాయము జీవితాంతము మనసులో మెదలుచునేయుండెను.

కీర్తి దక్కిన బాల్టో సుఖపడినదా? రెండేండ్లు గడువకముందే అది తన సహచరులతో సహా ఒక చవుకబారు ప్రదర్శనశాలలో గొలుసులతో కట్టబడి కృశించుచుండగా, క్లీవ్‌లండ్ పట్టణపు బాలురు, కార్మికులు చందాలు పోగుచేసి పదిదినములలో విడిపించి తమ జంతుప్రదర్శనశాలకు తెచ్చుకొనిరి. విగ్రహము నిలిపిన లోకమే బ్రతికియున్న కుక్కను మరచిన తీరిది. ఇక నాణెము మాట. 2008లో అమెరికా ప్రభుత్వము అలాస్కా రాష్ట్రము పేర పావలాబిళ్లను వెలువరింపబూనగా, తుదివడపోతకు నిలిచిన నమూనాలలో కుక్కబండి తోలువాని చిత్రమును ఒకటి. గెలిచినది మాత్రము సాల్మన్ చేపను నోట కరచుకొనిన ఎలుగుబంటి.

ఇంగ్లండులో మరియా డికిన్ 1943లో నెలకొల్పిన పతకము ఈ విషయమున మెరుగు. యుద్ధమున సేవచేసిన పావురములకును, కుక్కలకును, గుఱ్ఱములకును దాని నిచ్చునపుడు పేరును కృత్యమును స్పష్టముగా పేర్కొందురు. పతకము గ్రహీతకే చెందును గనుక ఆ ఖ్యాతి పదిమంది చేతులు మారదు. పదిమంది చేతులు మారుటయే నాణెమునకుగల ప్రయోజనము.

కుక్క పేరును నిలుపు ఈ సమస్యను మన దక్షిణాపథమువారు వేయియేండ్లకు పూర్వమే రాతిపై తీర్చిరి. మాండ్య మండలములోని ఆతకూరు గ్రామమున లభించి, ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ ప్రదర్శనశాలయందున్న శిలాశాసనము శకవర్షము 872, అనగా క్రీస్తుశకము 949–50 నాటిది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని పక్షమున గాంగరాజు బూతుగుడు తక్కోలపు రణమున చోళయువరాజు రాజాదిత్యుని సంహరించిన వృత్తాంతము దానియందున్నది. రాజుల చరిత్రకారులు దానికై ఆ శాసనమును మరల మరల చదివిరి. ఐనను ఆ రాయి నిలిచినది రాజాదిత్యునికొరకు కాదు. బూతుగుని కొలువులో సాహసమునకు పేరొందిన మణలరుడను వీరుడు, ప్రభువు సంతసించి వరము కోరుకొమ్మనగా, గ్రామములను కోరక కాళి అను వేటకుక్కను కోరెను. పిమ్మట ఒకనాడు బేళతూరు కొండప్రాంతమున ఘోరమైన అడవిపందిపై దానిని విడువగా, రెండును పోరాడి రెండును మరణించెను. మణలరుడు చెల్లేశ్వరాలయము నెదుట ఆ శిలను ప్రతిష్ఠింపించి, దాని పూజకై భూమి ఏర్పడునట్లు చేసెను. ఆ పూజను మాని భుజించు అర్చకునికి పాపము తగులునని శాసనము హెచ్చరించుచున్నది. రాతిపై కుక్కయు వరాహమును ఒకదాని నొకటి కబళింపబోవుచున్నట్లు చెక్కియున్నారు. ఆ వరాహము జాతివారే మన బంగారమునకు పేరిచ్చిరి. కాళికి మాత్రము రాయి దక్కెను. న్యాయముగా పంచిరని యనలేను గాని, పేరు చెక్కినందుకు ఆ శిల్పికి నమస్కరింపవలెను.

అంతకు మూడువందల యేండ్లకు పూర్వమే పల్లవ మహేంద్రవర్మ కాలమున, తిరువణ్ణామలై మండలములోని ఎడుత్తనూరులో పశువులను రక్షించుచు మరణించిన కరుందేవకత్తి యను వీరునికి నిలిపిన రాతిపై అతని వెనుక ఒక కుక్క నిలిచియున్నది. దానిప్రక్క వేరుగా చెక్కిన వాక్యము ఆ కుక్క పేరు కోవివన్ అనియు, అది ఇద్దరు దొంగలను కరచి కావలిగా నిలిచినదనియు తెలుపును. వీరునికి ఒక వాక్యము, కుక్క కొక వాక్యము. చక్రవర్తుల ప్రశస్తులు నూరు పంక్తులు సాగు కాలమున పల్లెటూరి శిల్పి పాటించిన ఈ పొదుపునందు నాకు గొప్ప నిజాయితీ కనబడును.

మనకాలమునకు వత్తము. 2005లో మన తపాలాశాఖ హిమాలయ కాపరికుక్క, రాంపూరు, ముధోలు, రాజపాళయము జాతుల పేర నాలుగు బిళ్లలు వెలువరించెను, అవియు జాతులే. పేరుగలవారు మాత్రము మనకు లేకపోలేదు. 1993 పేలుళ్ల సంవత్సరమున ముంబయి పోలీసుల బాంబుదళములోని లాబ్రడార్ జంజీర్ మూడువేల కిలోలకు మించిన ఆర్‌డీఎక్స్‌ను వాసనపట్టి, మరి జరుగవలసియున్న మారణహోమము నాపెను. 2015లో కాశ్మీరపు తంగ్‌ధార్‌లో చొరబాటుదారులను పసిగట్టిన సైనికశునకము మాన్సి తన శిక్షకునితో పాటు ప్రాణములు విడిచి, మరుసటి సంవత్సరము సైనిక నివేదికలలో ప్రశంసకు పాత్రమయ్యెను. 2022లో అనంతనాగు వద్ద రెండు తూటాలు తగిలియు పోరాడిన జూమ్, శ్రీనగరపు సైనిక పశువైద్యశాలలో కన్నుమూసెను.

కావున నా ప్రతిపాదన యిది. శ్రేణి కాళితో ఆరంభమై, కోవివన్ మీదుగా జంజీర్, మాన్సి, జూమ్‌ల వరకు సాగవలెను. ఒక్కొక్క బిళ్లపై ప్రాణి పేరును, అది పనిచేసిన స్థలమును, సంవత్సరమును ఉండవలెను. కట్టుత్రాడు పట్టిన చేయి యైనను ఒకమూల కనబడవలెను, ఏలన ఈ కుక్కలలో ఏదియు ఒంటరిగా పనిచేయలేదు. చట్టప్రకారము రెండవవైపున అశోకుని సింహములుండితీరవలెను గనుక, సింహము ఎదుట శునకము నిలుచుట యేమను ఆక్షేపణకు తావున్నది. కాని ఒకే బిళ్లకు ఇరువైపుల నున్నవారు ఎన్నడును ఎదురుపడరు. ముద్రించుటకు హైదరాబాదు టంకశాల యున్నది. 1903 నుండి సైఫాబాదున పనిచేసి, 1997లో చెర్లపల్లికి తరలిన ఆ శాలవారి కిట్టి పని క్రొత్త కాదు. అమెరికావారి స్మారకనాణెములకు చట్టసభ అనుమతి కావలెను. అమ్మకపు ధరపై అధికముగా చేర్చిన సొమ్ము చట్టము పేర్కొనిన సంస్థకు చేరును. ఆ పద్ధతిని మనవారు ఇక్కడికి తెచ్చుకొని, సేకరణకర్తలు చెల్లించు అధికమూల్యమును ముసలితనమువలన విధులనుండి విరమించిన పోలీసు, సైనిక శునకముల పోషణకు, వైద్యమునకు కేటాయించిన, మణలరుడు భూమి నిచ్చినచోట మనము చిల్లర నిచ్చినట్లగును.