తొలిపఠనమున వెనుకబడిన బాలుడు: ఒక చారిత్రక పరిశీలనము

తెలుగుదేశపు విద్యాచరిత్రను వ్రాసినవారు పాఠశాలల సంఖ్యను, పాఠ్యగ్రంథములను, బోధనభాషను గూర్చి విపులముగ చర్చించిరి. చదువ నారంభించియు తోడివారి వెంట సాగలేక నిలిచిపోయిన బాలుని గూర్చి చెప్పబడినది మాత్రము స్వల్పము. అట్టి బాలునకు ఏ కాలమున నెవరు చేయూత నిచ్చిరి, ఆ చేయూత స్వరూప మెట్టిది యను ప్రశ్నలను పరిశీలించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ పరిశీలనకు దృఢమైన తొలి యాధారము బళ్ళారి మండలమున లభించుచున్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిని దెలుపవలసినదిగా కలెక్టర్ల నాదేశించెను. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదికను సమర్పించెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెల్ ఇతడే. కావున భాషాబోధనమును గూర్చి యితడు చెప్పిన మాటకు విలువ హెచ్చు. ఆ మండలమున నాడు 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు నుండిరి. పాఠశాలలలో 235 కన్నడమువి, 226 తెలుగువి.

ఆ బడులలో బాలుడు ఇసుకపై వ్రేలితో వ్రాయుచు అక్షరములు నేర్చుకొనెడివాడు. పిల్లలను సామాన్యముగ నాలుగు తరగతులుగ విభజించెడివారు. క్రింది తరగతులవారి భారము కొంతవరకు పెద్ద విద్యార్థులు వహింపగా, పై తరగతులను పంతులు స్వయముగ చూచుకొనెడివాడు. ఒక తరగతినుండి మరియొక తరగతికి బోవుటకు విద్యార్థి శక్తియు, అతడు సాధించిన యభివృద్ధియు ప్రమాణములు. గుణింతము పట్టువడనివాడు, పట్టువడువరకు గుణింతమునొద్దనే యుండెను. దానిని దిద్దించువాడు అతనికంటె నాలుగు మెట్లు ముందున్న తోటి బాలుడే.

ఈ పద్ధతిని కాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీని ననుకరించుట తగినపనియే యనెను. ఆ యనుకరణమునకు మూలము ఆండ్రూ బెల్. ఇతడు 1789 నుండి మద్రాసు అనాథ బాలుర శరణాలయమున అధ్యక్షుడుగ నుండి, ఇసుకపై వ్రాయించుటయు, పిల్లలచే పిల్లలకు చెప్పించుటయు నను పద్ధతుల నవలంబించి, 1797లో లండనునందు ఆ ప్రయోగమును గ్రంథముగ వెలువరించెను. పిమ్మట నది 'మద్రాసు పద్ధతి' యను పేర వ్యాపించినది.

అయినను కాంబెల్ నివేదికలో మెప్పు ఒక పార్శ్వము మాత్రమే. బడిలో చదివించు పద్యములు వాడుకభాషకు మిక్కిలి దూరమైనవనియు, పిల్లలు అర్థ మెరుగకయే వాని వల్లించుచున్నారనియు నతడు స్పష్టముగ విమర్శించెను. ఆ బడు లందరివియు గావు. పై విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. కావున వీధిబడిని స్వర్ణయుగముగ భావించుట చరిత్రకు విరుద్ధము. అందు గ్రహింపదగిన గుణము, నెవరి వేగము ననుసరించి వారికి చెప్పుట; విడువదగిన దోషము, అర్థమును నిర్లక్ష్యము చేయుట.

ఆధునిక పాఠశాల విద్యను ఎక్కువమందికి చేరువ చేసినది. కాని దానితోడనే సంవత్సరమునకొక తరగతి, తరగతి కొక పుస్తకము, అందరకు నొకే పాఠము నను కట్టుబాటు వచ్చినది. తెలుగు లిపి విషయమున నీ కట్టుబాటు కఠినమైనది. ప్రతి హల్లునకు గుణింతము కలదు; దానిపై ఒత్తులు చేరును. గుణింతముకడ తడబడు బాలునకు రెండవ తరగతి వాచకము మూతబడిన తలుపువంటిది. పాఠము ముందునకు సాగును. బాలుడు వెనుకనే యుండును. 'వెనుకబడుట' యను భావమునకు ఈ కాలబద్ధమైన తరగతియే చాలవరకు కారణమని నా యభిప్రాయము.

ఇట్టివానిని ఏమి చేయవలెను? చిరకాలము అదే తరగతిలో మరల కూర్చుండబెట్టిరి. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆ యాచారమును నిషేధించినది. 2019లో ఆ నిబంధన సడలింపబడినది. నిలిపివేయుటగాని పై తరగతికి బంపుటగాని చదువు నేర్పజాలదు. చదువ నేర్పునది బోధన మొక్కటే.

తరగతి కట్టుబాటును సడలించి బోధించిన ప్రయోగము మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమున జరిగినది. వై.ఏ. పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యాంశములను చిన్న చిన్న కార్డులుగ విభజించి, నిచ్చెన మెట్లవలె నమర్చిరి. వేర్వేరు వయస్సుల బాలలు ఒకే గదిలో తమ తమ మెట్టునుండి ముందునకు సాగుదురు. దీనిని జూచి ప్రేరణ పొందిన మైసూరు ప్రాంతపు ఉపాధ్యాయులు 1995లో 'నలికలి'ని ప్రారంభించిరి. ఇటీవల భారతప్రభుత్వము 2021 జూలై 5న 'నిపుణ్ భారత్'ను, తెలంగాణ ప్రభుత్వము 2022 ఆగస్టు 15న 'తొలిమెట్టు'ను ప్రారంభించినవి. మొదట విద్యార్థి స్థాయిని పరీక్షించి పిదప బోధింపవలెనను సూత్రము 'తొలిమెట్టు'న నున్నది. శక్తిని బట్టి తరగతి యను పాతమాట ఇట్లు మరల వినవచ్చినది.

అయిన కాంబెల్ చెప్పిన రెండవ మాట యేమైనది? దీనికి శంషాబాదు పరిసరములు పరీక్షాస్థలము. 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైన పిమ్మట పొలముల నడుమ నున్న యీ ప్రాంతము నగరముగ మారినది. ఇచట లంబాడీ తండాలు కలవు. ఉర్దూ మాటలాడు కుటుంబములు కలవు. కట్టడపు పనులకై దూరదేశములనుండి వచ్చినవారును కలరు. ఇంట తెలుగు వినని బాలునకు తెలుగు వాచకము, నాటి బళ్ళారి బాలునకు ప్రాచీన పద్యమువలె, దూరమైనదే. అతడు అక్షరములు కూడబలికి చదివినను అర్థము స్ఫురింపదు. అతనిని మందబుద్ధి యనుట అన్యాయము. 2004లో నాటి ఆంధ్రప్రదేశమున బంజారాతో గూడ ఎనిమిది గిరిజన భాషలలో ఆరంభింపబడిన బహుభాషా విద్య ఈ సత్యమును గుర్తించినదే.

కావున తొలిపఠన సహాయమునకు రెండు పరీక్షలు ఆవశ్యకములు: బాలుడు ఏ యక్షరముకడ నాగెను, ఏ మాట అతనికి తెలియదు. మొదటిదానిని మాత్రమే లెక్కించు పథకము వల్లెవేయువారిని తయారుచేయును గాని చదువరులను గాదు. ఈ రెండవ పరీక్షకు కావలసిన సామగ్రిని, అనగా మండలములవారీగ బాలల వాడుకమాటల పట్టికలను, సేకరింపదగినవారు తెలుగుశాఖల పరిశోధకులే. ఆ పని యింకను మిగిలియున్నది.