మీ టీవీ వెనక యాభై ఏళ్ళ చరిత్ర వేలాడుతోంది

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఇవాళ చెప్పే చరిత్ర మీ ఇంట్లోనే, టీవీ వెనక దుమ్ము పట్టి వేలాడుతోంది. ఫోన్‌లో చూస్తున్నవాళ్ళు ఒకసారి లేచి అక్కడ టార్చి వేసి చూడండి. నేను చెప్పేవన్నీ కనిపిస్తాయి.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి. మాది బూర్గంపాడు. కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసేది మా దగ్గరే. గోదావరి నిండుగా ఉంటే కిన్నెరసాని నీళ్ళు లోపలికి పోలేక వెనక్కి తంతాయి. అందుకే మాకు వరద రెండు వైపుల నుంచి వస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న 71.3 అడుగులు చేరింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు మళ్ళీ అప్పుడే.

దానికి ముందు రాత్రుల్లో ఒకటి. ఊరంతా కరెంటు తీసేశారు. బియ్యం మూటలు, కాగితాల సంచి అటకెక్కాయి. నాన్న "ఇంక టీవీ తీయండ్రా" అన్నాడు. నేను ఫోన్ టార్చి పట్టుకుని వెనక్కి వంగితే, అక్కడ ఒక పిచ్చుక గూడు. "ఏ వైరు ఎక్కడికి పోద్దిరా?" అన్నాడు నాన్న. ఎవరికీ తెలీదు. ఒకటి లాగితే మూడు బిగుసుకుంటున్నాయి. గుమ్మంలోకి నీళ్ళొచ్చేశాయి. చివరికి టీవీకి ఉన్న వైర్లు ఊడబెరికి దాన్ని ఒక్కదాన్నే పైకెత్తాం. సెట్‌టాప్ బాక్సు, వైఫై డబ్బా ఆ చిక్కులోనే ఉండిపోయాయి. వాటితో పాటు అక్క పెళ్ళి ఫోటోలున్న హార్డ్ డిస్క్ కూడా. అరచేతిలో పట్టే వస్తువు అది. నీళ్ళు తీశాక బురదలో దొరికింది. మళ్ళీ తెరుచుకోలేదు.

అప్పటి నుంచి నాకొకటే ప్రశ్న. ఇన్ని వైర్లు మన ఇళ్ళలోకి ఎప్పుడొచ్చాయి? ఒక్కటి కూడా బయటికి ఎందుకు పోలేదు?

1975 ఆగస్టుకి వెళ్దాం. నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో ఒక ప్రయోగం చేసింది. పేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళకి ఏడాది పాటు టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాలు తెలుగులోనే. కోళ్ళ గూటికి కట్టే ఇనుప వల లాంటి దానితో మూడు మీటర్ల డిష్ చేశారు. టీవీ సెట్లు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఊరికి ఒకే టీవీ, బడిలోనో పంచాయతీలోనో పెట్టేవాళ్ళు. ఊరందరిదీ కాబట్టి దాన్ని చూసుకోడానికి ఒక మనిషి ఉండేవాడు. ఏ వైరు ఎక్కడిదో కనీసం ఆయనకి తెలుసు.

తర్వాత టీవీ ఇళ్ళలోకి వచ్చింది. అప్పటి సెట్లు చాలావాటికి చెక్క పెట్టె, ముందు జరిపే తలుపులు, తాళం కూడా. బీరువాకి వేసినట్టు టీవీకి తాళం వేసేవాళ్ళు. 1982లో ఏషియాడ్‌తో రంగులొచ్చాయి. 1984లో దూరదర్శన్ రిలే కేంద్రాలు రోజుకొకటి అన్నంత వేగంగా పెట్టారు. కానీ చిన్న ట్రాన్స్‌మిటర్ల సిగ్నల్ ఎక్కువ దూరం రాదు. కాబట్టి దూరంగా ఉన్న ఊళ్ళు యాంటెన్నాని ఎత్తులో కట్టాయి. అడవి పక్క ఊళ్ళకి వెదురుకేం కొదవ?

ఇక్కడొక మంచి సంగతి. ఆ యాంటెన్నా నుంచి దిగే చదును వైరు చాలా నాజూకు. ఇనుప రేకుకి ఆనించినా, మిగిలింది చుట్ట చుట్టి పడేసినా బొమ్మ పాడయ్యేది, మనిషి పక్కన ఇంకో నీడ కనపడేది. అంటే వైరు పద్ధతిగా లేకపోతే రామాయణమే కనపడదు! ఇంటిల్లిపాదీ ఆ వైరుని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. మా నానమ్మకి చదువు రాదు. కానీ ఉరుము వినపడితే చాలు, ముందు ఆ వైరు పీకేది. పిడుగు దూరంగా పడినా ఆ దెబ్బ వైరు వెంట లోపలికొస్తుందని ఆవిడకి ఎవరూ క్లాసు చెప్పలేదు. కరెంటు ఎక్కువ తక్కువలకి స్టెబిలైజరు ఉండేది. మొత్తం రెండే రెండు దారులు: ఒకటి కరెంటు, ఒకటి బొమ్మ.

1990ల్లో కేబుల్ వచ్చింది. 1995లో జెమినీ, ఈటీవీ. కరెంటు స్తంభాల మీద, వేపచెట్ల మీద నుంచి నల్ల కేబుల్ ఇంట్లోకి దిగింది. ఈ కేబుల్‌కి చుట్టూ లోహపు తొడుగు ఉంటుంది. చుట్ట చుట్టినా, మడత పెట్టినా బొమ్మ అంత తొందరగా చెడదు. నా ఉద్దేశంలో కథ మలుపు తిరిగింది అక్కడే. వైరు మొండిదైంది, మనం పట్టించుకోవడం మానేశాం.

ఆ తర్వాత వరస చూడండి. సీడీ ప్లేయర్‌కి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు. డీటీహెచ్ గొడుగు నుంచి ఇంకో కేబుల్. కేబుల్ టీవీకి కూడా సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేస్తూ 2011లో చట్టం మార్చారు, పల్లెలకి ఆ గడువు 2017 మార్చి దాకా వచ్చింది. బాక్సుకి అడాప్టరు, టీవీకి హెచ్‌డీఎంఐ. ఆపైన ఫైబర్, వైఫై డబ్బా, ఫైర్ స్టిక్, హార్డ్ డిస్క్. కొత్తది వచ్చినప్పుడల్లా తగిలించాం. పాతది పోయినప్పుడు దాని వైరు మాత్రం తీయలేదు. వరద తర్వాత మా ఇంట్లో విప్పి చూస్తే తొమ్మిది వైర్లు. అందులో నాలుగు ఏ వస్తువుకీ తగిలించి లేవు. చచ్చిపోయిన సీడీ ప్లేయర్ వైర్లు బతికున్న హార్డ్ డిస్క్‌ని పట్టుకుని కిందికి లాగాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేశామో చెప్తా. మీరూ ఒక ఆదివారం గంటసేపు చేయండి. ముందు స్విచ్‌లు ఆపి ప్లగ్గులన్నీ తీసేయండి. దేనికీ పని చేయని వైరు బయటికి. మిగిలిన ప్రతి వైరుకీ రెండు చివర్లా కాగితం పట్టీ అంటించి పేరు రాయండి. కరెంటు వైర్లు ఒక కట్ట, సిగ్నల్ వైర్లు ఇంకో కట్ట. కట్టడానికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు చాలు, లాగితే ఊడొస్తాయి. ప్లగ్ బోర్డు నేల మీద వద్దు, గోడకి ఎత్తులో బిగించండి. చిన్న డబ్బాలన్నీ ఒకే బుట్టలో పెట్టండి. ఎత్తితే అన్నీ ఒకేసారి రావాలి. ఇప్పటి టీవీలు తేలిక, పిల్లలు పట్టుకుంటే ముందుకి పడతాయి. గోడకి బిగించండి, లేదా పట్టీతో కట్టండి. ఇంకొక్కటి: నీళ్ళలో తడిసినదాన్ని ఆరింది కదా అని ప్లగ్గులో పెట్టొద్దు. ముందు మెకానిక్‌కి చూపించండి.

ఫోటోలు మాత్రం ఇంకోచోట కూడా కాపీ పెట్టుకోండి. ఇది బుట్టతో తీరేది కాదు.

మొన్న వానాకాలం ముందు నాన్న, నేను ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాం. టీవీ, బుట్ట, అన్నీ అటకెక్కడానికి నాలుగు నిమిషాలు. నాన్న అటక మీద నుంచే అడిగాడు: "ఆ రోజు ఇట్టాగే ఉంటే అక్క ఫోటోలు దక్కేవి కదరా?" నేనేం మాట్లాడలేదు.

మీ టీవీ వెనక ఎన్ని వైర్లున్నాయో, అందులో ఎన్ని పనికిరానివో లెక్కపెట్టి కామెంట్లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.