గుమ్మడికాయ టొర్టెల్లి: రాచకొలువు నుంచి వంటింటి దాకా

పొలం గట్టున కాసే గుమ్మడికాయ, కాస్త గోధుమపిండి, నాలుగు గుడ్లు, ఇంత వెన్న. ఇది రైతు ఇంట్లో పుట్టిన వంట కాకపోతే మరేమిటి అనిపిస్తుంది. ఉత్తర ఇటలీలో శరత్కాలం రాగానే ఇంటింటా చేసే గుమ్మడికాయ టొర్టెల్లి, అంటే గుమ్మడి గుజ్జు లోపల పెట్టి మడిచిన పాస్తా, గురించి చాలామంది అనుకునేది అదే. పాత పుస్తకాలు మాత్రం వేరే కథ చెబుతాయి. 1584లో ఫెర్రారా నగరంలో అచ్చయిన ఒక విందుల గ్రంథంలో, వెన్నతో వడ్డించే గుమ్మడికాయ టొర్టెల్లి ప్రభువుల బల్ల మీద కనిపిస్తుంది.

ఆ పుస్తకం రాసినవాడు జొవాన్ బత్తిస్తా రొస్సెత్తి. ఫెర్రారాని ఏలిన ఎస్తే వంశపు ఆడపడుచు, ఉర్బినో డచెస్ లుక్రేజియా ఇంట విందుల పెత్తనం ఆయనది. గరిటె పట్టే ఉద్యోగం కాదది. ఏ పూట ఎన్ని వరసలు వడ్డించాలి, ఏ వంటకం తర్వాత ఏది రావాలి అన్నీ ఆయనే తేల్చాలి. ఆ పదవికి ఎంత మర్యాద ఉండేదంటే, ముందు తరంలో అదే వంశం కొలువులో ఆ పని చేసిన క్రిస్తొఫొరో ది మెస్సిస్బుగోకి చక్రవర్తి అయిదో చార్లెస్ 1533లో కౌంట్ బిరుదు ఇచ్చాడు. అలాంటివాళ్లు రాసిపెట్టిన జాబితాలో చోటు దొరికిందంటే గుమ్మడికాయకి అప్పట్లో బాగానే హోదా ఉందన్నమాట.

హోదా ఎందుకుండదు? అప్పటికది కొత్త కాయ. 1492కి ముందు యూరప్ తోటల్లో పాకింది మన సొరకాయ తీగే. ఎర్రగుజ్జు గుమ్మడి అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చింది. రోమ్‌లోని విల్లా ఫర్నెసీనాలో రఫాయెల్ బృందం 1515-1518 మధ్య చిత్రించిన పైకప్పు ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ జొవాన్ని దా ఉదీనె వేసిన పళ్ల తోరణాల్లో అమెరికా గుమ్మడికాయలు స్పష్టంగా వేలాడుతుంటాయి, మొక్కజొన్న పొత్తులతో సహా. కొలంబస్ తిరిగొచ్చిన పాతికేళ్లకే కాయ బొమ్మకెక్కింది, ఇంకో డెబ్భై ఏళ్లకి పళ్లెంలోకి దిగింది. మన దప్పళంలో పడే తీపి గుమ్మడీ ఆ అమెరికా సంతతే. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి మాత్రం పక్కా ఆసియా కాయ.

పాస్తాలో కూరు పెట్టడం అనే పని ఈ కాయ రాకకంటే చాలా పాతది. 1350ల నాటి బొక్కాచ్చో ‘డెకామెరాన్’లో ఒక ఊహాలోకం ఉంది. అక్కడ తురిమిన పార్మిజాన్ చీజ్ కొండ మీద కూర్చుని జనం మకరోనీ, రవియోలీ చేసి కోడి రసంలో ఉడికించి కిందికి దొర్లిస్తుంటారు. పాస్తాని మార్కో పోలో చైనా నుంచి తెచ్చాడన్న కథ మన దగ్గరా బాగానే చెలామణీలో ఉంది. దాన్ని జనంలోకి వదిలింది 1929లో అమెరికాలో మకరోనీ వ్యాపారుల పత్రిక. మార్కో పోలో వెనిస్‌కి తిరిగొచ్చింది 1295లో. జెనోవాలో ఒక నోటరీ 1279లో రాసిన ఆస్తిపట్టీలోనే మకరోనీ బుట్ట ఉంది. ఆ కథ అక్కడితో సరి.

ఎస్తే ఇంటి పిల్ల ఇజబెల్లా 1490లో మాంతోవా ప్రభువు రెండో ఫ్రాంచెస్కో గొన్జాగాని పెళ్లాడింది. రెండు ఊళ్లూ పో నది మైదానంలోవే, రెండు వంశాలూ వియ్యమందుకున్నవే. అయినా గుమ్మడికాయ దగ్గర రెండు దారులైపోయాయి. ఫెర్రారా వాళ్ల కూరులో గుమ్మడికాయ గుజ్జు, పార్మిజాన్, జాజికాయ తప్ప పెద్దగా మరేమీ ఉండవు. పేరు కప్పెల్లాచ్చి. 2016లో యూరోపియన్ యూనియన్ దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మెడ పొడవుగా ఉండి, వయొలిన్ ఆకారంలో కాసే ‘వియోలీనా’ రకం అక్కడివాళ్లకి ఇష్టం. మాంతోవా వాళ్లు బండగా, బొడిపెలతో ఉండే ‘పూజారి టోపీ’ రకాన్ని తెచ్చి, దానికి రెండు వింత వస్తువులు కలుపుతారు. ఒకటి అమరెత్తి, అంటే చేదు బాదం వాసన వేసే కరకర బిస్కట్లు. రెండోది మోస్తార్దా.

అసలు సంగతంతా ఈ మోస్తార్దాలోనే ఉంది. ఆపిల్ ముక్కల్ని పంచదారలో రోజుల తరబడి ఊరబెడతారు. రసాన్ని వంచి, మరిగించి, మళ్లీ ముక్కల మీద పోస్తారు. పాకం చిక్కబడి ముక్కలు గాజులా మెరిశాక, చల్లారనిచ్చి ఆవనూనె సారం చుక్కలు వేస్తారు. ఇటలీలో ఆ సారాన్ని మందుల షాపులో చిన్న సీసాల్లో కొంటారు. మూత తీసి వాసన చూడటం మంచిది కాదు, కళ్లు మండిపోతాయి. కొత్త ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు ముక్కులోకి ఎక్కే ఘాటే అది, కాకపోతే కారం బదులు తీపిలోంచి వస్తుంది.

తీపి, ఉప్పు, చేదు, ఘాటు ఒకే ముద్దలో ఎందుకు? ఆ కాలపు రుచి అది. 16వ శతాబ్దపు దొరల బల్ల మీద కోడిమాంసం పైన పంచదార, దాల్చినచెక్క చల్లడం మామూలు. పంచదారా సుగంధ ద్రవ్యాలూ ఖరీదైనవి కాబట్టి వాటిని దాచుకోకుండా చూపించుకోవడమే గొప్ప. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ వంటవాళ్లు తీపిని భోజనం చివరికి నెట్టేశారు. మెల్లగా యూరప్ అంతా ఆ దారి పట్టింది. మాంతోవా మాత్రం పట్టలేదు. 1630లో పవిత్ర రోమన్ చక్రవర్తి సైన్యాలు ఊరిని దోచుకున్నాయి, 1707లో గొన్జాగాల ఏలుబడే ముగిసింది. ప్రభువులు పోయినా వాళ్ల నోటి రుచి ఊళ్లో ఉండిపోయింది.

అది నిలబడటానికి చర్చి కూడా ఒక కారణం. క్రిస్మస్ ముందు రోజు మాంసం ముట్టకూడదు, అయినా పండగ భోజనం పండగలాగే ఉండాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోసిన గుమ్మడికాయ అటక మీద డిసెంబరు దాకా నిలవుంటుంది. నిలవున్న కొద్దీ లోపలి పిండిపదార్థం చక్కెరగా మారి ఇంకా తియ్యగా అవుతుంది. అందుకే మాంతోవాలో ఆ రాత్రికి టొర్టెల్లి ఉండి తీరాలి.

రెండు ఊళ్లలో నా ఓటు మాంతోవాకే. ఫెర్రారాది శుభ్రమైన వంట, నాలుగో ముద్దకి విసుగు పుట్టిస్తుంది. మాంతోవాది చివరి ముద్ద దాకా నాలుకని కుదురుగా ఉండనివ్వదు.

ఇంట్లో చేయాలంటే కిలో గుమ్మడికాయని పెద్ద ముక్కలుగా తొక్కతోనే అవెన్‌లో 190 డిగ్రీల దగ్గర ముప్పావుగంటకి పైగా కాల్చండి. నీళ్లలో ఉడికించారో, పని చెడ్డట్టే. మన తీపి గుమ్మడిలో నీరు ఎక్కువ కాబట్టి కాల్చిన గుజ్జుని పలచటి గుడ్డలో వేసి కాసేపు వేలాడదీయండి. అవెన్ లేకపోతే ఆవిరి మీద ఉడికించి, మూకుడులో సన్నసెగన తడి ఆరేదాకా కలుపుతూ ఉండండి. అందులో 100 గ్రాముల అమరెత్తి పొడి, 100 గ్రాముల మోస్తార్దా సన్నటి తరుగు, 150 గ్రాముల పార్మిజాన్ తురుము, జాజికాయ, ఉప్పు. ముద్ద చేస్తే చేతికి అంటుకోకూడదు. అంటుకుంటే రొట్టె పొడి కలపండి. ఆ కూరుని ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే రుచులు ఒకదానికొకటి అలవాటు పడతాయి.

మోస్తార్దా దొరకదు కదా అంటారా? ఆపిల్ ముక్కల్ని పంచదార పాకంలో మగ్గనిచ్చి, పూర్తిగా చల్లారాక, చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచిన ఆవపిండి కలపండి. వేడి మీద కలిపితే ఘాటు పుట్టదు, చేదు మిగులుతుంది. అమరెత్తి బదులు బాదం పొడి, పంచదార, గుడ్డు తెల్లసొన కలిపి, బాదం ఎసెన్స్ ఒక చుక్క వేసి బిస్కట్లుగా కాల్చుకోవచ్చు.

400 గ్రాముల మైదాకి నాలుగు గుడ్లు. నీళ్లు వద్దు. గట్టిగా మర్దించి అరగంట మూతపెట్టి, కింద పెట్టిన పీట మీది గీతలు పైకి కనిపించేంత పలచగా వత్తండి. చెంచాడు కూరు పెట్టి, గాలి బుడగ మిగలకుండా మడిచి, కజ్జికాయలు కోసే చక్రంతో అంచు కోయండి. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు చాలు, పైకి తేలాక చిల్లుల గరిటెతో తీసేయండి. వెన్న కరిగించి అందులో సేజ్ ఆకులు వేయించి పైన పోయాలి. సేజ్ లేకపోతే వట్టి వెన్నతో కానివ్వండి. కరివేపాకు వేస్తే అది వేరే వంట అయిపోతుంది. ఇంట్లో ఎవరు వద్దన్నా ఆవఘాటు మాత్రం మానకండి. అది తీసేస్తే మిగిలేది తియ్యటి గుమ్మడి ముద్ద.

మిగిలినవాటిని పిండి చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. వండేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయాలి, కరిగితే కింద అంటుకుపోతాయి.