పొగాకుకు వైరస్‌ బెడద.. ఏ తెగులో తేల్చుకున్నాకే మందు

వినుకొండ: పొగాకు ఆకుపై మచ్చలు కనిపించినా, ఆకు ముడుచుకున్నా రైతు మొదట వెళ్లేది పురుగుమందుల దుకాణానికే. ఈ రెండు లక్షణాలూ వైరస్‌ తెగుళ్లవే అయినా అవి వ్యాపించే దారులు పూర్తిగా వేరు. ఒకటి తెల్లదోమ ద్వారా వస్తుంది. రెండోది మనిషి చేతి ద్వారానే చేలోకి ప్రవేశిస్తుంది. ఈ తేడా తెలియక చల్లే మందుకు అయ్యే ఖర్చంతా వృథాయే.

2022లో గుంటూరు నుంచి పల్నాడు జిల్లాలోకి మారిన వినుకొండ ప్రాంతంలో బర్లీ పొగాకు సాగు ఏనాటి నుంచో ఉంది. పక్కనే పత్తి, మిరప చేలు ఉండటం ఇక్కడి ప్రత్యేకత. తెగుళ్ల విషయంలో అదే ఇబ్బందిగా మారుతోంది.

మొజాయిక్‌ తెగులు సోకిన మొక్కలో లేత ఆకులపై లేత, ముదురు ఆకుపచ్చ రంగులు కలగలిసి మచ్చలుగా కనిపిస్తాయి. ఆకు అక్కడక్కడా బొబ్బలెక్కినట్లు ఉబ్బుతుంది. ఎండ తీవ్రత పెరిగితే ముదిరిన ఆకులపై కాలినట్లు మచ్చలేర్పడతాయి. నాటిన తొలి వారాల్లోనే సోకితే మొక్క గిడసబారిపోతుంది. తలలు తుంచే దశలో సోకితే నష్టం తక్కువ.

ఈ వైరస్‌కు శాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1886లో అడాల్ఫ్‌ మేయర్‌ ఈ తెగులుకు మొజాయిక్‌ అని పేరు పెట్టారు. 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన ఆకు రసాన్ని బ్యాక్టీరియా దూరలేని వడపోత గుండా పోనిచ్చినా అది తెగులు కలిగిస్తూనే ఉందని చూపారు. 1898లో బైజరింక్‌ దానిని వైరస్‌ అన్నారు. 1935లో స్టాన్లీ దానిని స్ఫటిక రూపంలో వేరుచేశారు, 1946లో నోబెల్‌ బహుమతి పంచుకున్నారు. మానవుడు మొదట గుర్తించిన వైరస్‌ పొగాకుదే.

రైతుకు పనికొచ్చే సంగతి మరొకటి. ఈ వైరస్‌ ఎండిన పొగాకులోనూ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. సుమారు 90 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంచితే తప్ప నశించదు. బర్లీ ఆకును బ్యారన్‌లో కాల్చరు, గాలికి ఆరబెడతారు. కాబట్టి పందిరి కింద రాలిన ఆకు తునకలు, చేలో మిగిలిన మోళ్లు, కూలీల జేబులోని బీడీ, చుట్ట, ఖైనీ కూడా తెగులుకు నిలయాలే. ఖైనీ నలిపిన చేత్తో నారు పీకితే చాలు, ఆకుపై కంటికి కనబడని గాయం గుండా వైరస్‌ లోపలికి చేరుతుంది. ఆ తరువాత అంతరకృషి, తలలు తుంచడం, పిలకలు తీయడం వంటి పనుల్లో అదే చేయి సాలు పొడవునా తెగులును మోసుకుపోతుంది.

అందువల్ల నారుమడిలో పనిచేసేవారు పొగతాగడం, పొగాకు నమలడం పూర్తిగా మానాలి. పనికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వెన్న తీసిన పాలలో చేతులు ముంచి పనిచేసినా వ్యాప్తి తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేలో పని ముగించాకే తెగులున్న చేలో అడుగుపెట్టాలి. తెగులు మొక్కలను తొలి దశలోనే పీకి కాల్చివేయాలి, వాటిని తాకిన చేత్తో మరో మొక్కను ముట్టరాదు. నారుమడిపై కాగితంపూల మొక్క (బోగన్‌విల్లా) లేదా తీగబచ్చలి ఆకుల రసాన్ని లీటరుకు 150 లీటర్ల నీరు కలిపి, వారానికోసారి రెండు మూడు దఫాలు చల్లడం సిఫారసులో ఉంది. ఖర్చు లేని పనే. అయితే ఇది తెగులు రాకుండా అడ్డుకునేందుకే, వచ్చాక నయం చేయదు. ఏ పురుగుమందూ, శిలీంద్రనాశినీ కూడా నయం చేయవు.

ఈ వైరస్‌ మిరప, టమాటాలకూ సోకుతుంది. పొగాకు చేలో పనిచేసిన కూలీలే మిరప చేనుకూ వెళ్లే ఊళ్లలో ఇది మరచిపోరాదు. తెగులు తీవ్రంగా వచ్చిన పొలంలో రెండు సీజన్ల పాటు ఈ కుటుంబానికి చెందని జొన్న, మొక్కజొన్న వంటి పైర్లు వేసుకోవాలి.

1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థగా నెలకొల్పిన సంస్థ నుంచి టీఎంవీఆర్‌ఆర్‌-2, టీఎంవీఆర్‌ఆర్‌-3 వంటి తట్టుకునే రకాలు వచ్చాయి. అయితే అవి బ్యారన్లలో కాల్చే వర్జీనియా రకాలు, బర్లీ రైతుకు అక్కరకు రావు.

ఇక ఆకుముడత తెగులు. ఇందులో ఆకు అంచులు కిందికి ముడుచుకుంటాయి. ఈనెలు లావెక్కి, ఆకు అడుగున చిన్న మొలకల్లాంటివి పుడతాయి. మొక్క పొట్టిగా మిగిలిపోతుంది. దీనిని మోసేది తెల్లదోమ. పత్తి చేను ముదిరేసరికి ఆ దోమ పక్కనున్న లేత పొగాకుపైకి చేరుతుంది. నారుమడిపై నైలాన్‌ వల కప్పడం, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న రెండు సాళ్లు వేయడం, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టడం, గట్లపై కలుపు లేకుండా చూడటం ముందుజాగ్రత్తలు. దోమ కనబడితే 10 లీటర్ల నీటికి ఇమిడాక్లోప్రిడ్‌ 200 ఎస్‌ఎల్‌ 2.5 మిల్లీలీటర్లు లేదా థయోమిథాక్సామ్‌ 25 డబ్ల్యూజీ 2 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి. ఒకే మందు పదేపదే వాడితే దోమ తట్టుకుంటుంది, ఆకులో అవశేషాలూ మిగులుతాయి.

2025లో ధర పడిపోయి నల్ల బర్లీని మార్క్‌ఫెడ్‌ ద్వారా ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. అటువంటి ఏడాది మచ్చలు పడిన, ముడుచుకుపోయిన ఆకుతో గిట్టుబాటు ఆశించడం కష్టమే. నాటిన చేనును తొలి నెలంతా తిరిగి చూసి, తెగులు మొక్క పీకిన చోట వెంటనే నాటేందుకు కొంత ఆరోగ్యమైన నారును మడిలోనే మిగుల్చుకోవాలి.